సుందర్ కోసం తెచ్చిన రాక్షసబల్లులు

అమ్మ పోయాక నల్లపాడు ఇంట్లోంచి నేను తెచ్చుకున్నది ఒక్క అద్దాల అలమారాయే. మంచాలు, గిన్నెలు, కుట్టుమిషను ఎవరెవరో పట్టుకుపోయారు. అలమారాని మాత్రం ట్రాలీ ఆటోలో వేయించి, దాని పక్కనే కూర్చుని, గుంటూరులో మా ఫ్లాటుకి తెచ్చి హాల్లో పెట్టించాను. మా ఆడపడుచు కొడుకు వచ్చినప్పుడు చూసి ఫోన్లో ఫోటోలు తీసుకుని ఎవరికో పంపాడు. ఆ ఫోటోలు చూసి ఈ ఎండాకాలం మొదట్లో విజయవాడ నుంచి ఒక యువకుడు వచ్చాడు. కంప్యూటర్ ఉద్యోగమట. డైనోసార్ బొమ్మలు, అందులోనూ మేలిరకం మోడల్సు, సేకరించడం అతనికి సరదా. కూర్చోమంటే కూర్చోలేదు. అలమారా ముందు చేతులు వెనక్కి కట్టుకుని, చర్చిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

“తీసి చూడొచ్చా అండీ?”

“చూడు బాబూ. తోక పట్టుకుని మాత్రం ఎత్తకు.”

అన్నాక గానీ నాకు తట్టలేదు. అది మా తమ్ముడు సుందర్ మాట. ఇంట్లో ఎవరు అలమారా దగ్గరికి వెళ్ళినా మంచం మీద నుంచి ఆ మాట వినిపించేది. విని ముప్పై ఏళ్ళు దాటింది.

ఆ అబ్బాయి బ్రాకియోసారస్‌ని రెండు చేతులతో పొట్ట కింద పట్టుకుని తీశాడు, తిరగేసి ముద్ర చూశాడు. “ఇంగ్లండులో మ్యూజియం కోసం చేసిన సెట్టండీ ఇది. ఆ రోజుల్లో మన దేశంలో ఇవి ఎవరి దగ్గరున్నాయో నాకైతే తెలీదు. ఎవరు కలెక్ట్ చేశారు?” అన్నాడు. మా తమ్ముడన్నాను. సార్ ఇప్పుడెక్కడుంటారని అడిగాడు. పోయాడన్నాను. ఈమధ్యే అనుకున్నట్టున్నాడు, ఎంత వయసండీ అన్నాడు. పంతొమ్మిది అన్నాను. అతను బొమ్మని ఎంత మెల్లగా తీశాడో అంత మెల్లగా మళ్ళీ పెట్టేశాడు. తర్వాత కింద అర చూసి, కాస్త ఇబ్బంది పడుతూ, “కింద ఉన్నవి మాత్రం కాపీలండీ. పైవాటితో కలిపి పెట్టకూడదు” అన్నాడు. తెలుసన్నాను. అమ్ముతారా అని అడగడానికే వచ్చినవాడు అడగకుండానే కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నుంచి నాకు నల్లపాడు ఇల్లే కళ్ళ ముందు ఉంది.

ఆ ఇల్లు రైలుగేటుకి దగ్గర. ముందు రెండు గదులు, వెనక వంటపంచ, పెరట్లో కుళాయి. నాన్న పేరు ఏసుపాదం, లారీ డ్రైవరు. గుంటూరు యార్డు నుంచి మిరపకాయల బస్తాలు బొంబాయికి తోలేవాడు, సీజను కాని రోజుల్లో పర్చూరు వైపు నుంచి పత్తి బేళ్ళు. అమ్మ ఇంటి దగ్గరే మిరపకాయలకు తొడిమలు తీసేది. వంటపంచలో గోనెపట్టా పరిచి, ముక్కుకి పాత చీరముక్క కట్టుకుని, పొద్దున పని అయిందగ్గర్నుంచి దీపాల వేళ దాకా తీసేది. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే తుమ్మేవాళ్ళు. మేం తుమ్మేవాళ్ళం కాదు. ఆ ఘాటు మా దుప్పట్లలో, బైబిల్లో, అన్నంలో కూడా ఉండేది. అమ్మ చేతులు ఎప్పుడూ మండుతూనే ఉండేవి. మజ్జిగలో ముంచి, కొబ్బరినూనె రాసుకుని, అయినా మా మొహం మీద చెయ్యి వేసేది కాదు. మాకు ఏడుపొస్తే అమ్మ మోచేత్తో దగ్గరికి తీసుకునేది. సుందర్‌కి మొహం కడగడం, తల దువ్వడం అందుకే నా పనయింది. నాన్న కూడా బొంబాయి నుంచి వచ్చిన రోజు పెరట్లో బట్టలు విప్పి బకెట్లో పడేసి, కుళాయి కింద కూర్చుని తల రుద్దుకుని, ఆ తర్వాతే మమ్మల్ని పిలిచేవాడు. మేం గుమ్మంలో నిలబడి ఆ స్నానం ఎప్పుడైపోతుందా అని చూసేవాళ్ళం. నాయనమ్మ ఆ సమయంలో వీధరుగు మీద చుట్ట ఆర్పి, అది పూర్తిగా చల్లారిందో లేదో వేలితో చూసి, రవికెలో దాచుకుని లోపలికి వచ్చేది. కొడుకు ముందు ఆవిడ చుట్ట తాగేది కాదు. తాగుతుందని కొడుక్కి తెలుసునని ఆవిడకీ తెలుసు.

సుందర్ నాకంటే నాలుగేళ్ళు చిన్న. బడిలో వేసిన ఏడాదే పడిపోవడం మొదలైంది. చదునైన నేల మీద నడుస్తూనే పడిపోయేవాడు. కింద కూర్చుంటే లేవడానికి ముందు మోకాళ్ళ మీద చేతులు వేసి, తర్వాత తొడల మీద వేసి, తన ఒళ్ళు తనే ఎక్కుతున్నట్టు లేచేవాడు. పిక్కలు మాత్రం పెద్దవాళ్ళకి ఉన్నట్టు లావుగా, గట్టిగా ఉండేవి. నాయనమ్మ వాటికి నువ్వులనూనె రాస్తూ “వాళ్ళ తాత పిక్కలొచ్చినై ఈడికి. ఈడు బస్తాలెత్తే మనిషవుతాడు చూడండి” అని మురిసిపోయేది. ఆ పిక్కలే జబ్బు గుర్తని మాకు మద్రాసులో తెలిసింది.

రాక్షసబల్లులు మా ఇంట్లోకి ఒక పుస్తకంగా వచ్చాయి. నాన్న బొంబాయి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలోంచి బొమ్మలు బాగున్నాయని లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చాడు. అట్ట లేదు. భూమి పుట్టిన దగ్గర్నుంచి మనిషి దాకా అందులో రంగుల బొమ్మలున్నాయి. సుందర్‌కి అప్పటికి బడికి నడిచి వెళ్ళడం కష్టమవుతోంది. కొన్నాళ్ళు నేను మోశాను. కొన్నాళ్ళు నాన్న సైకిలు మీద దింపాడు. ఆఖరికి బడి మానేశాడు. ఆ పుస్తకమే వాడి బడి అయింది. ఇంగ్లీషు కూడా వాడు అందులోంచే నేర్చుకున్నాడు. పలకడం ఎవరూ చెప్పలేదు కాబట్టి వాడి పలుకు వాడిదే. నేను కాలేజీలో చేరాక సరైన ఉచ్చారణ చెబితే, “మా ఇంట్లో దాని పేరు ఇదే అక్కా” అనేవాడు.

పుస్తకం చూసి మురిసిపోతున్నాడు కదా అని తర్వాతి ట్రిప్పులో నాన్న ఒక ప్లాస్టిక్ డైనోసార్ తెచ్చాడు. ఆకుపచ్చది, నోరు తెరుచుకుని ఉంది. సుందర్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఇది ఏదీ కాదు నాన్నా.”

“ఏదీ కాకపోవటమేందిరా? నీ బుక్కులో ఉన్నదే. ఆ కోరలదే.”

“దానికి చేతికి రెండు వేళ్ళే ఉంటాయి. దీనికి మూడున్నాయి. మూడున్నవి వేరే ఉన్నాయి గానీ వాటి తల ఇట్టా ఉండదు.”

“బొమ్మకి వేళ్ళు లెక్కపెడతారంట్రా ఎవరన్నా?” అన్నాడు నాన్న. నొచ్చుకున్నాడు. వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ వంటపంచలోంచి, “అంత దూరాన్నించి తెచ్చాడు గదా నాయనా, బాగుందని చెప్పొచ్చుగా” అంది. సుందర్ ఏడుస్తూ, “బాగుందమ్మా. కానీ అది కాదు” అన్నాడు. వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. పోయేదాకా వాడు ఆ ఒక్క విషయంలో మారలేదు. జాలిపడి తెచ్చినదాన్ని జాలిపడి ఒప్పుకునేవాడు కాదు.

నాన్న మళ్ళీ బొంబాయి వెళ్ళినప్పుడు మిరపకాయలు ఓడకెక్కించే ఏజెంటు దగ్గర గుమాస్తాతో ఈ సంగతి చెప్పాడట. ఆ గుమాస్తా మేనల్లుడు ఓడలో పనిచేసేవాడు. కొన్ని నెలల తర్వాత అతను ఇంగ్లండు నుంచి ఒకటి తెచ్చాడు. నాన్న స్నానం కూడా చేయకుండా లోపలికి వచ్చిన రోజు అదొక్కటే నాకు గుర్తు. పాత బనియన్‌లో చుట్టి ఉంది. బూడిదరంగు బ్రాకియోసారస్. చర్మం ముడతలు, మెడ కింద నరాలు, కాలిగోళ్ళు, అన్నీ ఉన్నాయి. లోపల డొల్ల కాదు. చేతిలో పెడితే చెయ్యి కిందికి దిగింది. సుందర్ ముందు వేళ్ళు చూశాడు, తర్వాత ముక్కు ఎక్కడుందో చూశాడు, పుస్తకం తెరిచి పక్కన పెట్టుకుని చూశాడు. నాన్న తల కూడా దులుపుకోకుండా, ఒళ్ళంతా మిరప దుమ్ముతో, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు.

“ఇదే నాన్నా” అన్నాడు సుందర్.

నాన్న పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నాడు. తర్వాత ఎన్ని ఏళ్ళు తోలాడో అన్ని ఏళ్ళూ అవే తెచ్చాడు. అన్ని ట్రిప్పులకీ దొరికేవి కావు. దొరికినవి ఎంత పెట్టి కొన్నాడో అమ్మకి కూడా చెప్పేవాడు కాదు. వీపు మీద పలకలతో స్టెగోసారస్ వచ్చింది, బొటనవేలికి ముల్లున్న ఇగ్వానోడాన్ వచ్చింది, జూలు మామత్ వచ్చింది. అన్నీ ఒకే కొలతలో తగ్గించి చేసినవి కావాలనేవాడు సుందర్. అలాగైతేనే పక్కపక్కన పెడితే ఎవరు ఎంతో తెలుస్తుందట. నాన్నకి ఇంగ్లీషు అక్షరం రాదు. పొట్ట కింద ముద్ర, చేతికి వేళ్ళు, తోక నేలని తాకుతోందా లేదా, ఇవి చూడటం మాత్రం కొడుకు దగ్గర నేర్చుకున్నాడు. అలమారా నాన్నే చేయించాడు. మిరప దుమ్ము పొలుసుల సందుల్లో దూరి ఎర్రగా పేరుకునేది. దాన్ని నాన్న పాత గడ్డం బ్రష్షుతో నేను దులిపేదాన్ని, అమ్మ కుంకుడు నురుగుతో కడిగేది. ఆ రోజు అమ్మ మిరపకాయలు ముట్టుకునేది కాదు.

నాయనమ్మకి ఇవేవీ నచ్చలేదు. అయినా సుందర్ మంచం పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఒకరోజు మామత్‌ని చూస్తూ, “నోవహు ఓడలోకి ఇయ్యన్నీ ఎక్కినయ్యంటావా?” అని అడిగింది.

“అదొక్కటీ ఎక్కుద్దేమో నాయనమ్మా. మిగతావి పట్టవు.”

“పట్టకనేగా పోయినై” అంది ఆవిడ, పెద్ద చిక్కు తీరిపోయినట్టు. సుందర్ చాలాసేపు నవ్వాడు. వాడి నవ్వు గుర్తు చేసుకోవాలంటే నాకు దొరికేది అదొక్కటే. తర్వాతి రోజుల్లో నవ్వడానికి కూడా వాడికి ఊపిరి చాలేది కాదు.

మద్రాసు వెళ్ళింది నాకు పదమూడేళ్ళప్పుడు. గుంటూరులో ఒకరు పోలియో అన్నారు, ఒకరు బలహీనత అన్నారు, టానిక్కులు రాశారు. మద్రాసులో పెద్ద డాక్టరు సుందర్‌ని నేల మీద కూర్చోబెట్టి లేవమన్నాడు. వాడు తన ఒళ్ళు తను ఎక్కుతూ లేచాడు. ఆయన ఇంకేం చూడలేదు. తమిళం కలిసిన తెలుగులో నెమ్మదిగా చెప్పాడు. కండరాలు ఒక్కొక్కటే కరిగిపోతాయి. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, ఆఖర్న ఊపిరి. మందు లేదు. ఇరవై దాటడం అరుదు. ఇది తల్లి దగ్గర్నుంచి కొడుకుల్లోకి దిగే జబ్బు. తల్లికేమీ కాదు. అమ్మ తమ్ముడొకడు చిన్నప్పుడు నడవలేక మంచాన పడి పోయాడు. వాళ్ళ ఊళ్ళో దాన్నీ పోలియో అనే అనుకున్నారు. అమ్మ ఆ మాట చెబితే డాక్టరు తలాడించాడు. తర్వాత నా వైపు చూసి, “ఈ పాపలో కూడా ఉండొచ్చు, లేకపోవచ్చు. తెలుసుకునే వీల్లేదు. పెళ్ళి చేసేటప్పుడు ఆలోచించండి” అన్నాడు. నాకు గౌను జేబులో వేరుశెనక్కాయలున్నాయి. వాటిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక నాయనమ్మ అమ్మతో ఒక్కసారే అంది. “మీ పుట్టింటిది మా ఇంటికి తెచ్చావు” అని. నాన్న చెప్పులేసుకుంటున్నవాడల్లా ఆగి, “అమ్మా, ఆ మాట ఇంకోసారి అన్నావంటే నేను బండెక్కి పోతా. మళ్ళా రాను” అన్నాడు. ఆవిడ మళ్ళీ అనలేదు. కానీ అమ్మ ఆ రోజు నుంచి నాయనమ్మ పోయేదాకా ఆవిడ తినకుండా ముద్ద నోట్లో పెట్టలేదు. ఎవరూ అడగని శిక్ష తనకి తనే వేసుకుంది. నాయనమ్మ కూడా అది చూస్తూనే ఉంది, వద్దనలేదు.

మంచి బొమ్మలతో ఒక చిక్కుంది. మంచివన్నీ బరువే. పదేళ్ళప్పుడు సుందర్ వాటిని తనే తీసి తనే సర్దుకునేవాడు. పన్నెండో ఏడు వచ్చేసరికి కుర్చీలోంచి లేవలేడు. అలమారాని మంచం దగ్గరికి జరిపాం. తర్వాత మోచెయ్యి అంచు మీద ఆనించి, ఒక చేత్తో ఇంకో చేతిని ఎత్తి, బొమ్మని లాక్కునేవాడు. తర్వాత అది కూడా పోయింది. నేను కాలేజీ నుంచి వచ్చి, వాడికి మొహం కడిగి, వాడు చెప్పింది తీసి దుప్పటి మీద పెట్టేదాన్ని. “కొంచెం ఎడమకి. తల నావైపు. ఇంకొంచెం” అనేవాడు. కుదిరాక కళ్ళతో చూస్తూ ఉండేవాడు. ఒక్కోదాని గురించి వాడికి తెలిసినంత నేను ఏ పరీక్షకీ చదవలేదు.

వాడికి ఒక్కటి కావాలని ఉండేది. గోదావరి పక్కన తవ్వకాల్లో దొరికిన రాక్షసబల్లి ఒకటుందని ఏదో పత్రికలో చదివాడు. బారాపాసారస్. మన నేల మీద తిరిగింది. దానికి ఎవరూ మంచి మోడల్ చేయలేదు. ఓడ గుమాస్తాని అడిగించాడు, బొంబాయి షాపుల్లో అడిగించాడు, లేదన్నారు. అప్పుడు నాన్న మాకు చెప్పకుండా కొండపల్లి వెళ్ళి, పుస్తకంలో అలాంటిదే ఇంకోదాని బొమ్మ చూపించి, కర్రతో చేయించుకొచ్చాడు. ఏనుగు కాళ్ళు, పొడుగు మెడ, పెద్ద కళ్ళు, పసుపురంగు ఒంటి మీద ఎర్ర చుక్కలు. దూదిలా తేలిక.

“ఎత్తి చూడు” అన్నాడు నాన్న.

సుందర్ వేళ్ళు దాని కడుపు కింద దూర్చాడు. బొమ్మ దుప్పటి మీద నుంచి కొంచెం లేచింది. చాలా నెలల తర్వాత వాడు ఎత్తిన వస్తువు అది. మళ్ళీ దించాడు.

“లేచింది నాన్నా. కానీ ఇది అది కాదు.”

“కాదని నాకూ తెలుసురా. నువ్వు ఎత్తుతావని.”

“తేలికవి వద్దులే నాన్నా. బరువైనవే తీసుకురా. అక్క ఎత్తుద్ది.”

నాన్న సరేనన్నాడు. ఆ కర్రబొమ్మ అలమారాలోకి వెళ్ళలేదు. కిటికీలో ఉండి ఉండి, రంగు వెలిసి, ఎప్పుడో పోయింది.

వాడి ఆఖరి ఎండాకాలం చాలా ఘోరంగా కాసింది. రోళ్ళు పగిలే ఎండల్లో రేకు కప్పు కింద మేం తడిగుడ్డలు కప్పుకుని పడుకునేవాళ్ళం. ఆ వేడికి అలమారాలో రెండుకాళ్ళ మీద నిలబడే బొమ్మలు వంగిపోసాగాయి. అలోసారస్ మోకాళ్ళు మెత్తబడి ఒకరోజు ముందుకి పడిపోయింది. సుందర్ కంగారుపడలేదు. ఏం చెయ్యాలో అమ్మకి చెప్పాడు. నీళ్ళు బాగా వేడి చేసి, కాళ్ళు అందులో ముంచి, మెత్తబడ్డాక నిటారుగా పట్టుకుని, వెంటనే చన్నీళ్ళల్లో పెట్టాలి. అమ్మ రెండు గిన్నెలు మంచం పక్కన పెట్టుకుని కూర్చుంది. అవతలి వీధి నుంచి ఐసు తెప్పించింది. వేణ్ణీళ్ళకి మండుతున్న వేళ్ళతో ఆ చిన్న కాళ్ళు పట్టుకుని, సుందర్ చాలనేదాకా కదలకుండా ఉంది. అలోసారస్ నిలబడింది. అమ్మ దాన్ని చూసింది, చాలాసేపు చూసింది.

మర్నాడు పొద్దున లేచేసరికి అమ్మ వంటపంచలో పెద్ద గుండిగతో నీళ్ళు కాస్తోంది. వాటిని బకెట్లో తెచ్చి, తువ్వాలు ముంచి పిండి, సుందర్ మోకాళ్ళకి చుట్టింది. అప్పటికి వాడి కాళ్ళు మడతపడి బిగిసిపోయి, చాపడానికి రావు. కాస్త మెత్తబడ్డాక అరిచేత్తో మెల్లగా నొక్కింది. మళ్ళీ తువ్వాలు ముంచింది. అది పనిచేయదని సుందర్‌కి తెలుసు, నాకు తెలుసు. అమ్మకి తెలియదా అంటే చెప్పలేను. నేను ఏదో అనబోతే సుందర్ కళ్ళతో వద్దన్నాడు. నొప్పికి వాడి పై పెదవి మీద చెమట పట్టింది. “బాగుందమ్మా” అన్నాడు. వాడి నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. వానలు పడి చల్లబడేదాకా అమ్మ రోజూ ఆ పని చేసింది.

వాడు పోయింది మిరపకాయలు కోతకొచ్చే రోజుల్లో. జలుబు ఛాతీలోకి దిగింది. అమ్మ ఇంట్లోకి కాయలు తేవడం ఎప్పుడో మానేసింది గానీ, వీధి వీధంతా కళ్ళాల్లా ఎర్రగా ఆరబోసి ఉండేది. ఊరంతా దగ్గుతుంటే వాడికి దగ్గడానికి శక్తి లేదు. నాన్న బండి యార్డులో వదిలేసి వచ్చి, వాడిని చేతుల్లో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వాడు చాలా తేలికైపోయాడని దారంతా అంటూనే ఉన్నాడు. ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టేముందు సుందర్ నన్ను దగ్గరికి రమ్మని, “పెట్టెలో నాతో ఒక్కటి కూడా పెట్టనియ్యకు అక్కా. సెట్టు చెడిపోద్ది” అన్నాడు. మూడో రోజు పొద్దున పోయాడు. నాన్న బ్రాకియోసారస్‌ని కండువాలో చుట్టుకుని సమాధుల దొడ్డి దాకా తెచ్చాడు. నేను వాడి మాట చెప్పాను. నాన్న అది విని, కండువా అలాగే చంకలో పెట్టుకుని, పాస్టరుగారి ప్రార్థన అయ్యేదాకా నిలబడి, మళ్ళీ ఇంటికి తెచ్చి వాడు పెట్టిన చోటే పెట్టాడు.

నాన్న మానేస్తాడనుకున్నాం. మానలేదు. బొంబాయి పోయినప్పుడల్లా ఇంకా తెస్తూనే ఉన్నాడు. గుమాస్తా రిటైరయ్యాడు, ఓడలో మేనల్లుడు ఎటో పోయాడు. అప్పటికి బజార్లలో అచ్చం అలాంటివే వచ్చేశాయి. వేళ్ళు రెండే ఉండేవి, తోక పైకే ఉండేది, పొట్ట కింద ముద్ర కూడా ఉండేది. నాన్న అవన్నీ సరిచూసుకుని తెచ్చి, మంచం ఉండే చోటు ముందు కాసేపు నిలబడి, కింద అరలో పెట్టేవాడు. చేతిలోకి తీసుకోగానే నాకు తెలిసేది. తేలిగ్గా ఉండేవి. నేను చెప్పలేదు, అమ్మా చెప్పలేదు. ‘ఇదే’ అనేవాడు లేడు, ‘ఇది కాదు’ అనేవాడు లేడు. ఒకసారి మాత్రం నాన్న నన్నడిగాడు. “ఆ గోదావరిది ఇప్పుడన్నా వచ్చిందేమో ఎవరన్నా చదువుకున్నోళ్ళని అడిగావంటే” అన్నాడు. అడుగుతానన్నాను. చూపు మందగించి బండి దిగేదాకా ఆయన వెతికాడు. దిగాక ఎక్కువ కాలం లేడు.

నా పెళ్ళిచూపులు ఆ అలమారా ముందే జరిగాయి. వచ్చినాయన హైస్కూల్లో లెక్కల టీచరు, నెమ్మదస్తుడు. ఇద్దర్నీ మాట్లాడుకోమని పెద్దవాళ్ళు బయటికి వెళ్ళగానే చెప్పేశాను.

“నాకు పిల్లలు వద్దండీ.”

ఎందుకని అడిగాడు. చెప్పాను. మద్రాసు డాక్టరు మాట, మా మేనమామ సంగతి, సుందర్ సంగతి, అన్నీ చెప్పాను. ఆయన లేచి బొమ్మల్ని ఒక్కొక్కటే చూశాడు. ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కడే వచ్చి, అరుగు మీద నాన్నకి నమస్కారం పెట్టి, నాతో “సరేనండీ” అన్నాడు. ఆ మాట మీద ఇన్నేళ్ళు ఉన్నాడు. వాళ్ళమ్మ ఏడ్చింది, చుట్టాలు నన్ను ఆసుపత్రులకి తిప్పమన్నారు. తర్వాత లోపం ఆయనదే అనుకున్నారు. నాదేనని చెప్పండి అని నేనంటే, ఆయన “మనకెందుకు, అనుకోనీ” అనేవాడు. ఆడపడుచు కొడుకు పుట్టినప్పుడు మాత్రం ఆ పసివాణ్ణి ఎత్తుకుని, బిడ్డ తల్లి చేతులు చాపినా చాలాసేపటిదాకా ఇవ్వలేదు. నేను చూడనట్టు కిటికీలోంచి బయటికి చూశాను.

ఇప్పుడు గుంటూరులో రాక్షసబల్లి లేని ఇల్లు లేదు. పిల్లల చొక్కాల మీద అవే, టిఫిన్ డబ్బాల మీద అవే, పుట్టినరోజు కేకుల మీద అవే. మాల్‌లో ఒకటి తల తిప్పుతూ అరుస్తుంది. దానికి చేతికి ఎన్ని వేళ్ళున్నాయో ఎవరూ చూడరు. నల్లపాడు దారంతా కోల్డ్‌స్టోరేజీలు కట్టారు. మా వీధిలో ఎవరూ కాయలు ఆరబోయడం లేదు. ఆ జబ్బు పేరు ఫోన్లో కొడితే వస్తుంది. దానితో పాటు పిల్లల ఫోటోలు వస్తాయి, కోట్లు పెట్టే ఇంజెక్షను కోసం సాయం చేయమని. అందులో కొందరు నేల మీద నుంచి లేస్తున్న వీడియోలు ఉంటాయి. అచ్చం సుందర్ లేచినట్టే లేస్తారు. ఇప్పుడు ఇంకొన్నేళ్ళు ఎక్కువ బతుకుతున్నారంటారు డాక్టర్లు. అంతకుమించి ఏమీ అనరు. ఒక్కటి మాత్రం నిజంగా మారింది. ఎవరి నెత్తురులో అది ఉందో, ఎవరిలో లేదో ఇప్పుడు చెప్పగలరు.

అమ్మ ఆఖరిసారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు అక్కడి డాక్టరు, చిన్నపిల్ల, ఇంటి సంగతులన్నీ ఓపిగ్గా అడిగి, అమ్మ నెత్తురుతో పాటు నాదీ తీసి పంపించింది. ఈ వయసులో నాకెందుకమ్మా అంటే, తెలుసుకోండి ఆంటీ, మంచిదేగా అంది. అమ్మ పోయింది. ఆ హడావుడిలో నేను ఆ పరీక్ష సంగతే మర్చిపోయాను. విజయవాడ అబ్బాయి వచ్చి వెళ్ళిన కొన్ని రోజులకి ఆ డాక్టరు ఫోన్ చేసింది.

“అమ్మగారిలో ఉందండీ, అది మనకి తెలిసిందే. మీలో లేదు ఆంటీ.”

“లేదంటే?”

“మీకు దిగలేదు. మీ నుంచి ఎవరికీ వచ్చేది కాదు.” ఆ పిల్ల సంతోషంగానే చెప్పింది. నేను థాంక్స్ చెప్పి పెట్టేశాను.

మా ఆయన బాల్కనీలో పేపరు చదువుతున్నాడు. ఎవరని అడిగాడు.

“డాక్టరమ్మ. నాలో అది లేదంటండీ.”

ఆయన పేపరు మడిచాడు. మడిచినదాన్ని మళ్ళీ మడిచాడు. “ఎప్పుడూ లేదా?” అన్నాడు.

“పుట్టినప్పట్నుంచీ లేదంట.”

“మంచిదేగా మణీ” అన్నాడు. కాసేపటికి లేచి లోపలికి వెళ్ళాడు. బాత్రూంలో కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపటిదాకా కట్టలేదు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. కింద అపార్ట్‌మెంటు పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. మాకు పుట్టని పిల్లలు నడిచేవాళ్ళు.